మా బీరువాలోని రికార్డులు, మన సంఘపు పాట



హనుమాన్ జంక్షన్‌లోని మా ఇంటికి ప్రార్థన కొరకో, పెండ్లి ప్రకటన కొరకో వచ్చేవారు ముందుగదిలోని చెక్క బీరువాను చూచి, "అయ్యగారూ, ఇన్ని పుస్తకాలు చదువుతారాండీ?" అని అడుగుతూ ఉంటారు. అవి పుస్తకములు కావు, గ్రామఫోను రికార్డులు. అట్ట కవర్లలో నిలువుగా పేర్చినందున దూరమునకు పుస్తకములవలె కనబడతాయి. లెక్కపెడితే 300 పైచిలుకు ఉన్నవి. వాటిలో సగము తెలుగువి. తక్కిన సగము అమెరికాలోని నల్లజాతి గాయకులు పాడినవి. ఆ పాటలకు 'సోల్ మ్యూజిక్' అని పేరు. సోల్ అంటే మన భాషలో ఆత్మ, ప్రాణము.

సంగతి తెలిసిన తరువాత కొందరు నవ్వి ఊరుకుంటారు. మరికొందరు పెద్దలు గొంతు తగ్గించి, "సేవకుల ఇంట్లో లోకసంబంధమైన పాటలు ఉండవచ్చునాండీ?" అని అడుగుతారు. అడుగుట న్యాయమే. మందను కాయువాని ఇల్లు అందరి కన్నులయెదుట ఉంటుంది గనుక ఆ హక్కు సంఘమునకు ఉన్నది. గుమ్మములో నిలబడి చెప్పే రెండు మాటలు దీనికి జవాబు కాజాలవు. అందుచేత ఈసారి వివరముగా వ్రాస్తున్నాము. ఇందులో మీ ఇంటికి, మీ సంఘమునకు పనికివచ్చే సంగతి కూడ ఒకటి ఉన్నది.

మా బాల్యము నూజివీడు వైపు మామిడితోటలలో గడిచినది. మా తండ్రిగారు తోట కాపలా ఉండేవారు. చిన్నరసాలు, బంగినపల్లి కాపుకు వచ్చిన దినములలో రాత్రుళ్లు తోటలోని పాకలోనే పడుకునేవాళ్లము. 1993వ సంవత్సరమున మా మేనత్త కువైట్ నుండి సెలవుకు వస్తూ ఒక టేప్‌రికార్డరు, నాలుగైదు కేసెట్లు తెచ్చినది. ఆమె పనిచేసిన ఇంటివారు వాడి ఇచ్చినవి అవి. ఆ టేప్‌రికార్డరు పాటలు వినిపించేదే గాని, పట్టే మీట విరిగిపోయి ఉన్నది. ఆ కేసెట్లలో ఒకదానిమీద చేతులు జోడించి కన్నులు మూసుకొన్న ఒక నల్లని స్త్రీ బొమ్మ ఉన్నది. ఆమె మహాలియా జాక్సన్ అని మాకు చాల ఏండ్ల తరువాత తెలిసినది.

ఆ రాత్రి పాకలో ఆ పాట విన్నప్పుడు మాకు ఇంగ్లీషు ముక్క రాదు. అయినను ఆ పాడే తీరు కొత్తగా అనిపించలేదు. మా పేట సంఘములో పాట ఎత్తుకునే అవ్వ ఒకామె ఉండేది. చదువు రాదు. ఒక్కొక్క చరణమును సాగదీసి, మధ్యలో ఆగి, గాలి పీల్చి, మరల పైస్థాయిలో అందుకొనేది. ఆమె ఆగినచోట సంఘమంతయు ఆగేది. కేసెట్టులోని అమ్మ కూడ అలాగే ఆగి, అలాగే అందుకొన్నది. సముద్రముల అవతలి మనిషికి మా అవ్వ పాట ఎలాగు తెలిసినదా అని ఆశ్చర్యపడ్డాము. మా ఇష్టము అక్కడ మొదలైనది. నేటికి 30 ఏండ్లు దాటినది.

తరువాత వేదాంత పాఠశాలలో డిప్లొమా చదివే రోజులలో ఆ ఆశ్చర్యమునకు సమాధానము దొరికినది. అమెరికా దక్షిణ రాష్ట్రములలో అనేకచోట్ల బానిసలకు చదువు నేర్పుట చట్టరీత్యా నేరముగా ఉండేది. పాటల పుస్తకము చేతికిచ్చినా చదవగలిగినవారు అరుదు. గనుక పెద్ద ఒకడు ఒక వరుస చెప్పగా, సంఘము దానిని సాగదీసి పాడేది. ఐజాక్ వాట్స్ అను ఆంగ్ల భక్తకవి వ్రాసిన కీర్తనలను వారు అలాగే నేర్చుకొన్నారు. మన పల్లెలలోను జరిగినది ఇదే. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) మొదలైనవారు వ్రాసిన కీర్తనలు రాగతాళములతో అచ్చయి ఉన్నను, మన తాతలు వాటిని పుస్తకము చూచి నేర్చుకొనలేదు. పగలంతా కూలికి వెళ్లి, సాయంకాలము దీపము చుట్టు కూర్చుండి, ఉపదేశి పంతులుగారు వరుస చెప్పగా చెవితో నేర్చుకొన్నారు. చెవితో నేర్చిన పాటకు ఒక సాగుడు, ఒక విరుపు వస్తుంది. నేల వేరైనను చదువు నిరాకరించబడిన జనులు పాట నేర్చిన దారి ఒక్కటే. అందువలననే ఆ కేసెట్టు మాకు మన పాటవలె వినబడినది.

ఇక సోల్ సంగీతము ఎట్లు పుట్టినదో చెప్పాలి. థామస్ డోర్సీ అను ఒక బోధకుని కుమారుడు చికాగోలో పియానో వాయించుచు జీవించేవాడు. 1932వ సంవత్సరమున అతడు కూటములకని వేరే ఊరు వెళ్లగా, ప్రసవములో భార్య మరణించినదని తంతి వచ్చినది. బిడ్డ కూడ దక్కలేదు. ఆ దుఃఖములో తన చేయి పట్టి నడిపించుమని ప్రభువును వేడుకొనుచు అతడు ఒక పాట కట్టెను. అట్టి పాటలకే 'గాస్పెల్' అని పేరు వచ్చినది. వాటిని లోకమంతటికి వినిపించిన గొంతు మహాలియా జాక్సన్‌ది. ఆమె 1911లో న్యూ ఆర్లియన్స్‌లో పేద ఇంట పుట్టినది. బట్టలు ఉతికి, ఇళ్లలో పాచిపని చేసి పొట్ట పోసుకొన్నది. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్ నగరములో మార్టిన్ లూథర్ కింగ్‌గారు తమ కలను గూర్చి ప్రసంగించిన సభలో ఆమె పాడినది. 1968లో ఆయన హత్యకు గురియైనప్పుడు ఆయన భూస్థాపనలో డోర్సీ కట్టిన ఆ పాటనే పాడినది. 1972లో ఆమె తానే కన్నుమూసినప్పుడు అరెతా ఫ్రాంక్లిన్ అదే పాటను ఆమె శవపేటిక యెదుట పాడినది.

మహాలియా ఎంత ధనము చూపినను గుడి పాట తప్ప వేరే పాడను అన్నది. కాని ఆమె తరువాతి తరము పిల్లలు గుడిలో నేర్చిన ఆ గొంతును వీధిలోనికి తెచ్చారు. 1954లో రే చార్లెస్ అను అంధ గాయకుడు ఒక గాస్పెల్ పాట వరుసను తీసుకొని ఒక స్త్రీని గూర్చిన పాటగా మార్చెను. చాలమంది భక్తులు నొచ్చుకొన్నారు. పాస్టరుగారి కుమారుడైన సామ్ కుక్, 'సోల్ స్టిరర్స్' అను భక్తి గాయక బృందములో పాడి పేరు పొందినవాడు. అతడు 1957లో తన మొదటి లోకపు పాటను మారుపేరుతో విడుదల చేసెను. సంఘస్థులు ఏమనుకొందురో అని భయము. గొంతు దాగుతుందా? విన్నవారు ఇట్టే గుర్తుపట్టారు. 1964 డిసెంబరులో 33 ఏండ్ల ప్రాయములో అతడు కాల్చబడి మరణించెను. ఆ నెలలోనే, నల్లవారికి మంచి దినము వస్తుందన్న నిరీక్షణతో అతడు ముందే పాడి ఉంచిన పాట చిన్న రికార్డుగా బయటకు వచ్చినది. నేటికిని అది విన్నవారి గుండె కదులుతుంది.

ఈ పాటలను రికార్డులుగా తెచ్చిన కంపెనీల కథ కూడ మన పల్లెవారికి అర్థమయ్యేదే. డెట్రాయిట్ నగరములో బెర్రీ గోర్డీ అను యువకుడు 1959లో తన కుటుంబమువారు అందరు కలిసి కూడబెట్టుకొనే పొదుపు నిధి నుండి 800 డాలర్లు అప్పు తీసుకొని రికార్డుల కంపెనీ పెట్టెను. మన డ్వాక్రా అక్కచెల్లెండ్ర పొదుపు సంఘము వంటిదే ఆ నిధి. అదే తరువాత 'మోటౌన్' అను పెద్ద సంస్థ అయినది. మెంఫిస్‌లో 'స్టాక్స్' అను మరియొక కంపెనీ ఒక పాత సినిమాహాలులో పాటలు రికార్డు చేసేది. నల్లవారు, తెల్లవారు ఒకే బల్లకు కూర్చొనుట కష్టమైన ఆ ఊరిలో, ఆ హాలులో మాత్రము ఇరువురు కలిసి వాయించేవారు.

ఇప్పుడు పెద్దల ప్రశ్నకు వద్దాము. గుడిలో పుట్టిన గొంతు వీధికి వెళ్లినది గదా, దానిని సేవకుడు వినవచ్చునా? దీనికి మా మాటకంటె అరెతా ఫ్రాంక్లిన్ జీవితము మంచి జవాబు. ఆమె తండ్రి సి.ఎల్. ఫ్రాంక్లిన్‌గారు డెట్రాయిట్‌లో పేరుగాంచిన పాస్టరు. ఆయన ప్రసంగములు కూడ రికార్డులుగా అమ్ముడుపోయినవి. కుమార్తె 1967 నాటికి లోకపు పాటలలో రాణి అని పేరు తెచ్చుకొన్నది. 1972 జనవరిలో ఆమె లాస్ ఏంజెలెస్‌లోని ఒక సామాన్యమైన బాప్టిస్టు సంఘములో రెండు రాత్రులు సంఘస్థుల మధ్య నిలబడి భక్తి గీతములు పాడి రికార్డు చేయించినది. ఆ కూటములో తండ్రిగారు లేచి, తన బిడ్డ సంఘమును ఎన్నడూ విడిచిపెట్టలేదని సాక్ష్యమిచ్చారు. 'అమేజింగ్ గ్రేస్' అను ఆ రికార్డు ఆమె ఆల్బములన్నిటిలోకి ఎక్కువగా అమ్ముడుపోయినది.

అందరి దారి ఒక్కటి కాదు. అల్ గ్రీన్ అను ప్రసిద్ధ గాయకుడు 1976లో మెంఫిస్‌లో సంఘము స్థాపించి పాస్టరు అయ్యెను. ఫ్రాంక్ విల్సన్ అనునతడు 1965లో మోటౌన్‌కు ఒక పాట పాడెను. అది మార్కెట్టులోనికి రాకమునుపే ప్రతులు దాదాపు అన్నియు నాశనము చేయబడినవి. మిగిలినవి వ్రేళ్లమీద లెక్కించవచ్చును. ఇంగ్లండులో సోల్ పాటలంటే ప్రాణమిచ్చే కార్మికుల పిల్లలు దాని కొరకు వెదకి వెదకి, 2009లో ఒక్క ప్రతిని 25,000 పౌండ్లకు పైగా వెలపెట్టి కొన్నారు. విల్సన్ అయితే చాల ముందే ఆ పరిశ్రమను విడిచి సువార్త సేవలో ప్రవేశించెను. మరికొందరు వెళ్లినవారు వెళ్లినట్లే ఉండిపోయారు. మేము ఎవరికిని తీర్పు తీర్చము. వినదగినది వింటాము, వినదగనిది బీరువాలో పెట్టము. ఇంటిలో పిల్లలు ఉన్నారు గనుక ఈ నియమము మాకు అవసరము.

డబ్బు విషయములోను నియమము ఉన్నది. రికార్డుల పిచ్చి పట్టినవారు అప్పులపాలైన కథలు దేశదేశములలో ఉన్నవి. మా ఇంటిలో దశమభాగము, పిల్లల ఫీజులు, ఇంటి సరుకులు పోగా మిగిలినదానిలో నెలకు ఒక రికార్డు, అంతకు మించదు. ఏ నెల మిగలదో ఆ నెల లేదు. లెక్క పుస్తకము మా ఇంటి అమ్మగారి చేతిలో ఉన్నది. ఆమె సంతకము కానిదే ఖర్చు జరగదు.

మొదటి రికార్డు 2004లో బెజవాడలో పాత సామానుల అంగడిలో 40 రూపాయలకు కొన్నాము. అది బోనీ ఎం అను బృందముది. 1978లో వారు పాడిన బబులోను నదుల పాట మన దేశములో కూడ విపరీతముగా అమ్ముడుపోయినది. అది చెరలోనికి కొనిపోబడినవారు తమ సితారాలను చెట్లకు తగిలించి ఏడ్చిన 137వ కీర్తన ఆధారముగా జమైకా దేశపు నల్లవారు 1970లో కట్టిన పాట. దానికి నాట్యమాడిన మన పట్టణపు యువకులలో ఎందరికి ఆ సంగతి తెలుసునో! మా రికార్డులలో ఎక్కువ భాగము బెజవాడ, ఏలూరు, గుడివాడలలో పాత ఇళ్లు ఖాళీ చేసేటప్పుడు దొరికినవే. జంక్షన్‌లో ఉన్నందున ఇది మాకు కలిసివచ్చినది. ఇటు విజయవాడ, అటు ఏలూరు, ఉత్తరమున నూజివీడు, దక్షిణమున గుడివాడ. ఏ బస్సు ఎక్కినను గంటకు అటు ఇటుగా చేరవచ్చును.

తెలుగు రికార్డుల సంగతి చెప్పకపోతే అన్యాయము. ఒకనాడు మన పల్లెలలో పౌరాణిక నాటక పద్యముల ప్లేట్లకు ఉన్న గిరాకి అంతింత కాదు. గ్రామఫోను ఉన్న మోతుబరి అరుగుమీద ఊరు ఊరంతా చేరేది. మద్రాసులో వి.ఎ.కె. రంగారావుగారు ఇటువంటి రికార్డులను వేలకొలది సేకరించి, ఎవరు పాడినది, ఎప్పుడు పాడినది అను వివరములతో సహా కాపాడారు. ఆయనవంటి శ్రద్ధ లేకపోయినట్లయితే ఎన్నో గొంతులు మట్టిలో కలిసిపోయేవి. మన క్రైస్తవ కుటుంబములకు 1978లో వచ్చిన 'కరుణామయుడు' చిత్రము పాటలు ప్రాణము. మోదుకూరి జాన్సన్‌గారు వ్రాసిన పాట ఆ రికార్డు నుండి పల్లె పల్లెకు వెళ్లి, నేటికిని శుభ శుక్రవారమున మ్రోగుచున్నది.

రికార్డు అనునది ఎట్లు పనిచేయునో పిల్లలు అడుగుతారు. ప్లేటుమీద అంచు నుండి నడిమికి సుడి తిరుగుచు పోయే ఒకే ఒక సన్నని గాడి ఉంటుంది. పాడినప్పుడు గాలిలో పుట్టిన కదలిక ఆ గాడి గోడలలో వంపులుగా చెక్కబడి ఉంటుంది. సూది ఆ వంపులమీద నడచినప్పుడు అదే కదలిక మరల శబ్దమవుతుంది. పాత ప్లేట్లు నిమిషమునకు 78 చుట్లు తిరిగేవి. పక్కకు 3 నిమిషముల పాట మాత్రమే పట్టేది. వాటిని చేసినది లక్కతో. ఛోటానాగపూరు అడవులలో మోదుగ, కుసుమ చెట్లమీద లక్క పురుగులు పెట్టే జిగురును ఆదివాసులు కొమ్మల నుండి గీకి తీస్తారు. లోకములోని పాటలన్నిటికి ఆధారము ఆ పేదల చేతిపనియే. లక్క ప్లేటు క్రిందపడితే కుండవలె పగులుతుంది. తరువాత వచ్చిన పెద్ద రికార్డులు వినైల్ అను ప్లాస్టిక్కుతో చేసినవి. అవి నిమిషమునకు 33 చుట్లకు కొంచెము పైగా తిరుగుతూ, పక్కకు 20 నిమిషములు పాడతాయి.

మన ఎండకు, మన వర్షమునకు వీటిని కాపాడుట ఒక సేవ. పడుకోబెట్టి దొంతరగా పేర్చితే బరువుకు వంగుతాయి, గనుక నిలువుగానే ఉంచాలి. వానకాలములో అట్టలకు బూజు పడుతుంది. వినైల్‌ను చల్లని నీటితో, కొంచెము సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టవచ్చును. లక్క ప్లేటుకు మాత్రము స్పిరిటు తగిలించరాదు, కరుగుతుంది. వేసవిలో మా ఇంట మరియొక తగాదా. రసాలు వరిగడ్డిలో మాగవేస్తే గది వేడెక్కుతుంది. రికార్డులున్న గదిలోనే అమ్మగారు కాయలు మాగవేయబోతే మేము అడ్డుపడతాము. "పండ్లు పదిమంది తింటారు, ప్లేట్లు మీరొక్కరే వింటారు" అని ఆమె వాదము. చివరికి కాయలు వంటింటి అటక ఎక్కినవి.

మా రికార్డులలో ఒకటి మా మనస్సును విడువదు. గుడివాడలో దొరికిన లక్క ప్లేటు అది. ఒక పక్క పగులు. మధ్య కాగితము అరిగి, చెదలు తిని, ఒక్క అక్షరము మిగలలేదు. వినిపిస్తే తెలుగు క్రైస్తవ కీర్తన, హార్మోనియము తోడు, ఒక స్త్రీ గొంతు. పగులు వచ్చినప్పుడెల్లా 'టక్' మని శబ్దము. ఆ అమ్మ ఎవరు? ఏ ఊరు? ఎవరి తల్లి? చెప్పే అక్షరము లేదు. 1902లో మన దేశమున మొదటిసారి రికార్డులు తీసినప్పుడు కలకత్తాలో గౌహర్ జాన్ అను గాయని పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో చెప్పేది. ఆ మైనపు అచ్చులు జర్మనీకి వెళ్లి ప్లేట్లుగా తయారయ్యేవి. అక్కడి పనివారికి ఏది ఎవరిదో తెలియాలని ఆ ఏర్పాటు. ఆ చిన్న మాట వలన 100 ఏండ్లు దాటినను ఆమె పేరు నిలిచినది. మన కీర్తన పాడిన అమ్మకు ఆ అవకాశము లేకపోయినది.

మా పేట అవ్వకయితే ఆ పగిలిన ప్లేటు కూడ లేదు. మేము వేదాంత పాఠశాలలో ఉండగా ఆమె ప్రభువునందు నిద్రించినది. ఆమె పాట ఎక్కడను పట్టి ఉంచబడలేదు. మహాలియా గొంతు మా బీరువాలో పది రికార్డులలో ఉన్నది. మాకు ఆ గొంతును గుర్తుపట్టుట నేర్పిన మనిషి గొంతు లోకములో ఎక్కడను లేదు.

ఈ సంగతి రెండేండ్ల క్రితము బాపులపాడు మండలములోని ఒక పల్లె సంఘములో మాకు మరింత బలముగా తగిలినది. అక్కడ 80 ఏండ్లు దాటిన మామ్మగారు ఒకరు ఉన్నారు. తోటలలో కాయలు ఏరి, గ్రేడు చేసి, బుట్టలకెత్తి బ్రతికిన మనిషి. చదువు లేదు గాని 40 కీర్తనలు చరణములతో సహా నోటికి వచ్చును. మేము ఆ సంఘమునకు రాకమునుపే అక్కడ కీబోర్డు కొన్నారు. అది మంచిదే. కాని మీట నొక్కితే అది ఒకే వేగముతో తాళము వేస్తుంది, ఎవరి కొరకును ఆగదు. మామ్మగారి సాగుడు దానికి కుదరలేదు. "మీ వరుస తప్పుతోంది మామ్మా" అని ఎవరో అన్నారట. ఆనాటి నుండి మూడేండ్లు ఆమె వెనుక చాపమీద నోరు విప్పకుండ కూర్చున్నది. ఎవరితోను తగాదా పెట్టుకొనలేదు. ఆదివారము తప్పలేదు. పాడుట మాత్రము మానినది.

సంగతి తెలిసి ఒక సాయంకాలము ఆమె ఇంటికి వెళ్లాము. ఎంత అడిగినను, "నా పాట ఇప్పుడు పనికిరాదండయ్యా" అన్నది. సరేనని మా ఫోనులో మహాలియా పాట పెట్టాము. ఆమె తల వంచి చివరి వరకు విన్నది. "ఈయమ్మ కష్టం చేసిన మనిషండీ" అన్నది. ఎట్లు తెలిసినదని అడిగితే, "బరువు దించుకున్నాక తీసే ఊపిరండీ అది. కూర్చుని తిన్నోళ్లకు ఆ ఊపిరి రాదు" అన్నది. మేము చదివిన ఏ పుస్తకములోను సోల్ సంగీతమును గూర్చి ఇంత బాగుగా చెప్పినవారు లేరు. ఆ అమ్మ బట్టలు ఉతికి, ఇళ్లలో పనిచేసిన మనిషని చెప్పాము. మామ్మగారు కొంతసేపు ఊరుకొని, పిమ్మట తానే నెమ్మదిగా ఒక కీర్తన ఎత్తుకొన్నది.

కీబోర్డు వాయించే అబ్బాయి ఆ సంఘములోనే పెరిగిన మంచి పిల్లవాడు. ఫోనులో చూచి స్వయముగా నేర్చుకొన్నాడు. వానిని మా ఇంటికి పిలిచి అరెతా 1972 నాటి రికార్డు పెట్టాము. "ఆ పియానో ఏమి చేస్తున్నదో చూడు తమ్ముడూ" అన్నాము. వాడు రెండుసార్లు విన్నాడు. "ఆవిడ ఆగితే వాళ్లు ఆగుతున్నారండయ్యగారూ. ఆవిడ వెనకాల నడుస్తున్నారు" అన్నాడు. అంతకంటె మేము చెప్పవలసినది మిగలలేదు.

తరువాతి నెల రెండవ ఆదివారమున వాడు తాళపు మీట ఆపివేసి, శ్రుతి మాత్రము పట్టుకొన్నాడు. మామ్మగారు పాడినది. అంతా చక్కగా జరిగినదని చెప్పలేము. రెండుచోట్ల వాడు ఆమెను అందుకోలేక వెనుకబడ్డాడు. పాట మరీ నిదానమైనదని యౌవనులు కొందరు గొణిగారు. కాని ముసలివారు ఆరేడుగురు, మేము ఎన్నడు నోరు విప్పగా చూడనివారు, ఆమె వెంట చరణము అందుకొన్నారు. ఇప్పుడు ఆ సంఘములో నెలకొక ఆదివారము పాత వరుసకు, తక్కిన ఆదివారములు కొత్త వరుసకు అని ఒప్పందము.

ఆ పాటను ఫోనులో పట్టాము. మొదలుపెట్టేముందు పేరు చెప్పమన్నాము. ఆమె తన పేరు, భర్త పేరు, ఊరు పేరు, ఈ కీర్తన తన మేనమామ నేర్పెనని చెప్పినది. విన్న తరువాత, "ఇది చెరిగిపోదు గదండయ్యా?" అని అడిగినది. ఆనాటి నుండి మేమిద్దరము శనివారములు వీలైనప్పుడు పల్లెలకు వెళ్లి పెద్దల పాటలు పడుతున్నాము. ఇప్పటికి 11 మంది పాడారు. సేవకులకు బదిలీలు తప్పవు. ఒకనాడు ఈ బీరువా లారీ ఎక్కక తప్పదు. ఆ పాటలు మాత్రము ఆ సంఘములలోనే ఉండవలెనని ఒక్కొక్క ప్రతిని సంఘపెద్దల చేతికి ఇస్తున్నాము.

ప్రియ చదువరులారా, పని కొరకు పట్టణములకు వెళ్లిన మీ పిల్లలు మామిడిపండ్ల కాలములో ఇండ్లకు వస్తారు. వారి చేతిలో ఫోను ఉంటుంది. ఈ ఒక్క పని చేయించండి. ఇంటిలోని ముసలివారిని తలుపులు మూసిన గదిలో కూర్చోబెట్టి, ఫ్యాను, టీవీ ఆపి, ఫోను మూరెడు దూరములో బల్లమీద పెట్టి పాడించండి. మధ్యలో దిద్దవద్దు. మరచిపోతే ఆగనివ్వండి. మొదట వారి పేరు, ఊరు, తేదీ, ఎవరు నేర్పినది చెప్పించండి. అరెతా పాడిన ఆ రెండు రాత్రులను సినిమా కూడ తీశారు. కాని తీసినప్పుడు గుర్తులు సరిగా పెట్టనందున బొమ్మకు శబ్దము జతపడలేదు. తరువాత వ్యాజ్యములు అడ్డువచ్చినవి. 46 ఏండ్లకు, ఆమె మరణించిన 2018లోనే అది బయటకు వచ్చినది. అంత పెద్ద కంపెనీకే అట్లు జరిగినది. గనుక గుర్తులు వ్రాసి పెట్టండి. ఒక ప్రతి ఫోనులో, మరియొకటి వేరేచోట ఉంచండి.

గుడి నుండి వెళ్లిన గొంతుకు లోకము రాణి అని పేరు పెట్టినది. మన గుడిలో వెనుక చాపమీద అటువంటి గొంతు కూర్చొని ఉన్నదేమో, వచ్చే ఆదివారము ఒకసారి వెనుకకు తిరిగి చూడండి. ప్రభువు మిమ్మును, మీ ఇంటి పెద్దలను దీవించును గాక.